కొసరు బాబాయికి గొంతు కొన్న వైనం

తణుకులో ఓ ఎలక్ట్రానిక్స్ షాపులో సేల్స్‌మన్‌గా చేరిన ఆ రోజుల్లో, నా సలహా లేక లోకంలో సగం మంది అన్యాయమైపోతున్నారని నా గట్టి నమ్మకం. ట్యాబ్ కొనడానికి ఎవరొచ్చినా సరే ప్రాసెసర్, ర్యామ్, స్క్రీన్, బ్యాటరీ అంటూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాణ్ణి (వాళ్ళు అడిగింది ధర ఒక్కటే అయినా). మా పిన్ని నాకు ‘కాన్ఫిగరేషన్‌గాడు’ అని పేరు పెట్టింది. అలాంటి నన్ను రెండే రెండు ట్యాబులు మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. అదీ మా కొసరు బాబాయి కోసం.

బాబాయి పెళ్ళి వంటల కాంట్రాక్టులు చేసేవాడు. వండటం ఒక ఎత్తు, వడ్డించేటప్పుడు పంక్తి మధ్యలో తిరగడం ఒక ఎత్తు. "ఏంటండీ బావగారూ, పనసపొట్టు కూర ఆకులో అలాగే ఉండిపోయింది? నా మీద కోపమాండీ?" అని ఒకరిని, "ఆయ్, పూతరేకు వద్దంటే అది మనసు కష్టపెట్టుకుంటుందండీ" అని ఇంకొకరిని గోముగా పలకరించేవాడు. కడుపు నిండి లేవబోతున్నవాళ్ళు కూడా నవ్వుకుంటూ మళ్ళీ సర్దుకుని కూర్చునేవారు. కొసరి కొసరి పెట్టేవాడు కాబట్టి కొసరు బాబాయి. ఎంత మంచి గొంతండీ అది! ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్‌తో మనిషి దక్కాడు గానీ మాట పోయింది. ఇంటికొచ్చాక ఓ పలక తెప్పించుకుని, "నోరు లేనివాడికి వడ్డనేంటి? ఒప్పుకున్న ఆ ఒక్క పెళ్ళీ అయ్యాక వంటలు మానేస్తా" అని రాసి పిన్నికి చూపించాడట. పిన్ని నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "ఒరే, మీ షాపులో మాట్లాడే మిషన్లు ఉంటాయట కదా, ఏదో ఒకటి పట్రారా. వంటలు మానేస్తే ఈయన నాకు దక్కర్రా" అంది.

మా ఓనరుగారిని బతిమాలి, డెమోకి పెట్టిన రెండు ట్యాబులు తీసుకెళ్ళాను. ఒకటి సన్నగా, తళతళలాడుతూ, నాలుగు స్పీకర్లతో ఉండేది. పిన్ని దాన్ని ఎగాదిగా చూసి ‘పట్నం అల్లుడు’ అంది. రెండోది మందంగా, ఏది నొక్కినా కాసేపు ఆలోచించుకునే రకం. అది ‘ఇల్లరికపు అల్లుడు’. నా ఓటు పట్నం అల్లుడికేనని వేరే చెప్పాలా! కానీ తీరా చూస్తే దానికి తెలుగు చదవడం రాదు. పోనీలే అని ఇంగ్లీషు అక్షరాల్లోనే "రండి, కూర్చోండి" అని కొట్టించాను. అది దొరగారిలా గొంతు సవరించుకుని, "ర్యాండీ, కర్చాండీ" అంది. పిన్ని కంగారుగా, "ఎవర్రా ఈ ర్యాండీ? మన వైపు వాళ్ళేనా?" అంది. బాబాయి భుజాలు ఎగరేసి నవ్వాడు, చప్పుడు లేకుండా. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలట.

ఇల్లరికపు అల్లుడికి తెలుగు యాప్ ఉంది. కాసేపు ఆలోచించి, వార్తలు చదివే అమ్మాయి గొంతుతో, "రండి. కూర్చోండి. మొహమాటపడకండి" అని స్పష్టంగా పలికింది. బాబాయి బుర్రమీసాల కింది నుంచి ఆ గొంతు వినేసరికి పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈవిడెవరండీ మధ్యన?" అని నిలదీసింది. అయినా తెలుగు తెలుగే కదా అని, ఆ పెళ్ళికి ముందు తెలిసినవాళ్ళ గృహప్రవేశం భోజనాల్లో దాన్నే పరీక్షకు పెట్టాం. బాబాయి ఆకు ముందు నిలబడి, ఒక్కో అక్షరం వెతుక్కుని, ఒత్తులు పెట్టుకుని నొక్కేలోపు పంక్తి ముందుకెళ్ళిపోయేది. మజ్జిగన్నం కలుపుకుంటున్న ఓ పెద్దాయనతో, "పప్పులో నెయ్యి వేయించుకోండి" అంది మా ట్యాబ్. ఆ మాటైనా ఆ గోలలో సగం వినబడలేదు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటండీ?" అన్నాడు. బాబాయి మొహం కందిపోయింది. ట్యాబ్ నా చేతిలో పెట్టేసి, వెనక పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయి గరిట పట్టుకున్నాడు. ఇక బయటికి రాలేదు. నేను నేర్చిన కాన్ఫిగరేషన్లన్నీ ఆ పూట నాకే ఎందుకూ కొరగాలేదు.

ఇంటికొచ్చాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరే, మనం అన్న మాట పట్టుకుని మళ్ళీ వినిపించే యాప్ ఏదైనా ఉందా?" అంది. రికార్డు చేసి బొమ్మల మీద పెట్టుకునేది ఉంది, గారె బొమ్మ నొక్కితే గారె మాట వస్తుంది అన్నాను. "అయితే నేను చెప్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచి వింటున్నాను, ఆయన ఎప్పుడేమంటారో నాకు తెలీదూ?" అంది. నేను నోరెళ్ళబెట్టాను. పరాయివాళ్ళొస్తే తలుపు చాటు నుంచి మంచినీళ్ళు అందించే మనిషి మా పిన్ని! మొదటి మాటే, "మా వారు ఇంకో గారె వేసుకోమంటున్నారండీ" అని రికార్డు చేసింది. "మా వారు అనక్కర్లేదు పిన్నీ, బాబాయి అన్నట్టే అనేయ్" అన్నాను. "అదెలా కుదురుతుందిరా? మాట ఆయనది. నేను మోసుకొచ్చి ఇస్తున్నానంతే" అంది. తెలుగు చదవాల్సిన పని తప్పిపోయింది, కావలసిందల్లా వేగమూ, గట్టి స్పీకర్లూ. దాంతో పట్నం అల్లుడే గెలిచాడు (నేను మొదటే చెప్పానని అనబోయి, పిన్ని మొహం చూసి ఊరుకున్నాను).

ఒప్పుకున్న ఆ పెళ్ళినాడు బాబాయి పొయ్యిల దగ్గర చాలాసేపు తచ్చాడాడు. చివరికి ట్యాబ్ గుండెలకు ఆనించుకుని పంక్తిలోకి వచ్చి, మొదటి ఆకు దగ్గర వంగి పూతరేకు బొమ్మ నొక్కాడు. "మా వారు మొహమాటపడొద్దంటున్నారండీ, ఇంకోటి వేయించుకోండి" అని పిన్ని గొంతు ఖంగుమంది. ఆ ఆకు ముందు కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, సంగతి అర్థమై, నవ్వుతూ ట్యాబ్‌తోనే, "చాలని మీ వారికి చెప్పమ్మా" అన్నాడు. బాబాయి తల అడ్డంగా ఊపి, ఎక్కడో మూలనున్న ఎర్ర బొమ్మ నొక్కాడు. అది పిన్ని ఎప్పుడు రికార్డు చేసిందో నాకే తెలీదు.

"మా వారు ఒప్పుకోరండీ!"

పంక్తి పంక్తంతా గొల్లుమంది. స్తంభం వెనక నిలబడి వింటున్న పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో గానీ, నేను మాత్రం ఏడ్చాను. బాబాయి ఆ రోజు ఆఖరి పంక్తి లేచేదాకా పొయ్యిల వైపు పోలేదు. మళ్ళీ సీజనుకి వంటలు కూడా ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నాకు జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది, ట్యాబులు నాకంటే మా పిల్లలకే బాగా తెలుసు. ఏ పెళ్ళికెళ్ళినా బఫేనే, ఎవరి ప్లేటు వాళ్ళదే. వడ్డించే కుర్రాడు గరిట ఎత్తగానే "చాలండీ" అంటాను, అతను వెంటనే పక్కవాళ్ళ వైపు తిరుగుతాడు. నేను మాత్రం ప్లేటు అలాగే చాపుకుని ఒక్క క్షణం నిలబడతాను, ఎవరైనా ఒప్పుకోరేమోనని.