ముసలి విలుకాడి విస్తరి

మొన్న మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసి, తను కాలేజీ రోజుల్లో ఆడిన కంప్యూటర్ ఆటకు కొత్త భాగం వచ్చిందని, పాత ఆట మన ఇంటి కంప్యూటర్లో ఇంకా ఉందేమో చూడమని అడిగింది. తెరిచి చూశాను. తెర మీద, విడిదిలో మంట పక్కన ముసలి విలుకాడు కూర్చుని ఉన్నాడు. వాణ్ణి చూడగానే మా అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది, వెంటనే కాస్త సిగ్గు కూడా వేసింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. పీలమేడులో మా ఇంట్లోనే ఉండేది. మధ్యాహ్నాలు మా అమ్మాయి ఆటకు కూర్చుంటే, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ పక్కన చేరేది. రాక్షసులు, కత్తియుద్ధాలు ఆమెకు పట్టవు. దారిలో ఎవరైనా ఎదురై "నేనూ మీ జట్టులో చేరతాను" అంటే మాత్రం చటుక్కున కళ్లజోడు పెట్టుకునేది. "ఇంటిపేరేమో అడుగు పాపా" అనేది. మా నూలు మిల్లులో మనిషిని తీసుకోవాలన్నా, ఇంటి పిల్లనివ్వాలన్నా మావాళ్ల మొదటి ప్రశ్న అదే. ఇంటిపేరు చెప్పకపోతే దేవదూతనైనా గడప దాటనిచ్చే రకం కాదు మా అత్త.

ఆ జట్టులో నలుగురికే చోటు. అందరికంటే ముందు చేరినవాడు ఆ ముసలి విలుకాడు. మా అమ్మాయి పాత్రకు చేతిలో ఏమీ లేని రోజున తన రొట్టె సగం విరిచి ఇచ్చినవాడు. పాపం, నడక నిదానం, గురి అంతంతమాత్రం. ఒకరోజు నిప్పులు కురిపించే మంత్రగత్తె ఎదురై, ఆ ముసలాణ్ణి పంపించేస్తేనే వస్తానంది. ఆమె లేకుండా ముందున్న గుహ దాటడం కష్టం. మా అమ్మాయి వేలు బటన్ మీదికి వెళ్లింది.

"నిలుపు పాపా. వాడికి అన్నం పెట్టినావా?"

"ఆటలో అదంతా ఉండదు అవ్వా. ఈడ నొక్కితే పొయ్యేస్తాడు."

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్యా? అన్నం పెట్టకుండా పంపేది మీ అప్ప నేర్పించినాడా?"

ఆ అప్పను నేనే అయినా అత్త నావైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. మిల్లు పెట్టిన తాత కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పనిలో చేరినవాడికీ, పని విడిచి వెళ్లేవాడికీ ఇంటికి పిలిచి ఆకు వేసి భోజనం పెట్టాలి. చేర్చుకునే రోజు ఎవడైనా పెడతాడు, పంపే రోజు పెట్టడమే కష్టం అనేవాడట తాత. కొత్త యంత్రాలు వచ్చిన ఏడు నేను ఒక మేస్త్రీని ఇంటికి పంపేశాను. తెగిన నూలును ముడి కనపడకుండా అతకడం నా వేళ్లు పట్టుకుని నేర్పిన మనిషి ఆయన. ఎదురుగా కూర్చోబెట్టి వడ్డించే ధైర్యం చాలక, గుమాస్తా చేత కాగితం ఇప్పించి, అవినాశిలో పనుందని వెళ్లిపోయాను. పనీ లేదు, పాడూ లేదు. గుడి ఎదుట టీకొట్టు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

మా అమ్మాయి బటన్ నొక్కలేదు. "ఎవర్ని పంపినారప్పా?" అని అడిగింది. చెప్పాను. అత్త పళ్లెం పక్కన పెట్టి, "ఎనిమిదేండ్లాయె. ఆయనకి వేయాల్సిన ఆకు అట్లే ఉండాది. పొయ్యి పిల్చుకోని రా" అంది.

ఆదివారం ఉడుమలైపేట పక్కన ఆయన కొబ్బరితోటకు వెళ్లాను. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కారెక్కాడు. దారి పొడుగునా కొబ్బరి ధర గురించి తప్ప ఇంకో మాట లేదు.

అత్త తానే వడ్డించింది. ఆయన కరకరలాడే వడను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, రసంలో ముంచి నానబెట్టాడు.

"అప్పుడే పిల్చింటే పండ్లు ఉండె తంబీ" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. నిజంగానే నోట్లో ఒక్క పన్నూ లేదు. పెరుగు తెస్తానని వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

మంత్రగత్తె లేని పుణ్యాన మా అమ్మాయి జట్టు ఆ గుహలో ఎన్నిసార్లు చచ్చిందో లెక్కలేదు. అత్త మాత్రం తీర్పు మార్చుకోలేదు.

ఇప్పుడు అత్త లేదు, మేస్త్రీ లేడు. విలుకాడు మాత్రం అదే మంట పక్కన, అదే వయసులో, ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేచి రావడానికి సిద్ధంగా ఉన్నాడు. మనుషులకు అంత ఓపిక ఉన్నా అంత వ్యవధి ఉండదు. పిలవాలనుకున్నవాళ్లను పళ్లుండగానే పిలవాలి.