దుర్గయ్య రికార్డు

దుర్గయ్యతో ఏం మాట్లాడినా ముందు ఒకటే అడుగుతాడు: "రికార్డుల ఉన్నదా?" లేకపోతే ఆయన లెక్కలో అది జరగనే లేదు.

నకిరేకల్ పక్కన నూలు మిల్లులో నడుస్తున్న మిషన్‌ను గాలికొదిలేశాడని, నూలు కాలిపోయిందని ఆయన్ని కొలువులోంచి తీసేశారు. శిక్ష మరీ ఎక్కువైంది, తిరిగి పనిలో పెట్టుకోండని లేబర్ కోర్టు చెప్పింది. యజమాని హైకోర్టుకెక్కాడు. లాయరు శ్రీదేవి దుర్గయ్యనూ, భార్య స్వరూపనూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. పై కోర్టు మళ్లీ సాక్షులను పిలవదు, కింది కోర్టు రికార్డు తిరగేసి తీర్పుకు ఆధారం ఉందా, చట్టం తప్పారా అనే చూస్తుంది. మరీ కొత్త సంగతేదైనా బయటపడితే మాత్రం కేసును కిందికి పంపమని అడగొచ్చంది. దుర్గయ్య బుర్రకు మొదటి సగమే ఎక్కిందనుకుంది స్వరూప.

అప్పట్నుంచి స్వరూపకు తిప్పలే.

"మోటరు బాగు చేయిస్తనంటివి గదా?"

"ఎవరి ముందట అన్న? రికార్డుల లేదు."

ఒకరోజు తినేసి, చెయ్యి కడుక్కుని, కూరలో ఉప్పెక్కువైందన్నాడు.

"తినేటప్పుడు చెప్పలే. గిప్పుడు కొత్త సాక్ష్యం చెల్లదు," అందామె.

నవ్వుకునే రోజులేం కావవి. ఆమె పత్తి ఏరబోతేనే పొయ్యి వెలుగుతోంది. కేసు పోతే ఇక ఆ చేలే గతి.

వాయిదాకు ముందు సాయంత్రం, అదే మిల్లులో పనిచేసే మారయ్య వచ్చి గడపలోనే కూలబడ్డాడు.

"అన్నా, గా దినం మిషన్ ఇడిసిపెట్టి పోయింది నేను. నా పేరు చెప్పకుండ ఆ నింద నువ్వు మోసినవ్. రేపు నేనొచ్చి జడ్జికి చెప్త."

"రికార్డుల లేదు. పై కోర్టు కొత్త మాట వినదు. ఇంటికి పో."

"ఏం జేసినా వినదా?"

"వినదు."

లాయరమ్మ చెప్పిన రెండో సగం స్వరూపకు బాగా గుర్తుంది, మారయ్య మొహం చూడకుండా అన్న ఆ మాటతో ఆయనకూ గుర్తుందని ఇప్పుడే తెలిసింది. మొగుణ్ణి లోపలికి లాక్కెళ్లింది.

"అబద్ధమెందుకు చెప్తున్నవ్?"

"కొలువు పోయిన ఇల్లు ఎట్లుంటదో మనకెరుకైంది. వానికెందుకు ఎరుకగావాలె?"

ఆమెకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఈ పిచ్చి మనిషి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. ఇంతలో బయటనుంచి మారయ్య అడిగాడు.

"వదినె, అన్న చెప్పేది నిజమేనా?"

దుర్గయ్య ఆమె మొహం చూశాడు.

"నిజమే మారయ్యా. కాళ్లు కడుక్కొని రా, అన్నం తిందువు."

కూర ఇద్దరికీ వడ్డించింది. మొగునికి మాత్రం జర తక్కువే వేసింది, ఆ కోపం అంత తొందరగా పోయేది కాదు మరి.