పుచ్చుగింజలు తిన్న స్యోంబువా

మా తోడికోడలు స్యోంబువా ఒక్క గింజ కొరికితే చాలు, అది గాదెకెక్కే గింజో కాదో చెప్పేసేది. పంటి కింద టక్కుమని విరగాలి. మెత్తగా నలిగిందంటే, "ఇంకో వారం ఎండనివ్వండి" అని ఉమ్మేసి తన దారిన తాను పోయేది. ఈ మకువేని కొండల్లో, మా వాలు మీదున్న పదిహేను ఇళ్లవాళ్లమూ మొక్కజొన్న కోతకొచ్చిందంటే ముందు ఆవిడ నోటికే అందించేవాళ్లం. అలాంటి మనిషిని మేం మంత్రగత్తె అన్నాం. నేను పైకి అనలేదు. అననంత మాత్రాన నేనేదో ఉద్ధరించినట్టు కాదు.

పదిహేడేళ్లకు కిబ్వెజీ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. నాకంటే నాలుగేళ్లు ముందు. మా బావగారు రాళ్ల క్వారీలో బండ పడి పోయాడు. ఒక్కగానొక్క కూతురు పురిట్లో పోయింది. ఆ పురిట్లో పుట్టిన మనవరాలు కనీని ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల తప్ప స్యోంబువాకు ఈ లోకంలో ఎవరూ లేరు. నాకు ఐదుగురు. "నీ గంపెడు సంతానానికి తలా ఒక ముద్ద, నా బంగారానికి ఐదు ముద్దలూనే" అని నన్ను ఏడిపించేది.

రెండేళ్లు వాన మొహం చాటేసింది. మూడో ఏడు కాస్త పంట కనబడేసరికి దొంగలు పడ్డారు. వాళ్లనీ ఏమనగలం, వాళ్లవీ ఆకలి కడుపులే. తెల్లారేసరికి చేలకు చేలే ఖాళీ అవుతున్నాయి. స్యోంబువా తన చేలో ఒక కంకి ఒలిచి గింజ కొరికింది. పక్కనే ఉన్నాను. టక్కుమనలేదు.

"ఎండలేదు కదే కవిన్యా."

"ఎండేదాకా కూర్చుంటే ఆ దొంగ వెధవల పొట్టల్లో ఎండుతుంది. కొయ్యక్కా!"

కోసింది. బయట కర్రల మీద అల్లిన గాదె ఉంది, నాలుగు వైపులా గాలి ఆడేది. అందులో పెడితే మర్నాటికి ఉంటుందా? ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, పడకగదిలో మంచం పక్కన పేర్చింది. మేమందరం అదే చేశాం. ఆ పైన, ఎండ కాయాల్సిన రోజుల్లో పది రోజులు విడవకుండా జల్లు పట్టింది. నా ఇంట్లో ఐదు నోళ్లు, తక్కిన ఇళ్లూ అలాంటివే, గింజ బూజు పట్టేదాకా మిగల్లేదు. ఐదుగురిని కన్నందుకు నన్ను నేను తిట్టుకున్న మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఒకరోజు వాళ్లింటికి వెళ్లేసరికి కనీని సంచిని కావలించుకుని కూర్చుని ఉంది.

"సూసూ, మూటకి జ్వరమొచ్చింది!"

సూసూ అంటే అమ్మమ్మ. నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. స్యోంబువా పకపకా నవ్వింది. "జ్వరం కాదే పిచ్చిమొద్దూ, కొత్తగింజ వేడి." చలికి ఆ పిల్ల రోజూ ఆ మూటకే ఆనుకుని పడుకునేది.

వాన వెలిశాక సంచి విప్పితే గింజల మీద ఆకుపచ్చని నూగు. పారబొయ్యడానికి మనసెలా వస్తుంది? స్యోంబువా మూడు నీళ్లు పోసి కడిగింది, చాప మీద ఎండబెట్టింది, ఒక్కో గింజా ఏరింది. "ఇప్పుడు చూడు, ఎలా మెరుస్తున్నాయో" అని నా దోసిట్లో పోసింది. నేనూ మురిశాను.

మాలో ఒక పద్ధతుంది. పాతగింజ పెద్దవాళ్లు ఖాళీ చెయ్యాలి, కొత్తగింజ పిల్లలు తినాలి. ఆవిడ దగ్గర కరువుకు ముందటిది, పొదుపుగా వాడి మిగిల్చుకున్నది అరమూట ఉంది. పురుగు తొలిచి, చేత్తో తీస్తే పిండి రాలేది. రోజూ పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కేవి. చిన్నది కనీనికి, కొత్తగింజతో. పెద్దది తనకు, పుచ్చుగింజతో.

"నీకేం ఖర్మక్కా? నువ్వూ కొత్తది తినరాదూ!" అంటే, "నా పళ్లకు పురుగైనా ఒకటే, పాయసమైనా ఒకటే. అది పెరగాలి కదే" అనేది.

నెల తిరగలేదు. పిల్లకు కడుపునొప్పి, వాంతులు. కాళ్లు వాచాయి. కళ్లు పసుపు పూసినట్టయ్యాయి. ఆసుపత్రిలో కామెర్లన్నారు, బిళ్లలిచ్చారు. చిన్నగిన్నెలో మిగిలింది తినే వాళ్ల కుక్క కూడా పెరట్లో చచ్చిపడింది. దాన్నెవరు పట్టించుకున్నారు? తొమ్మిదోనాడు కనీని అమ్మమ్మ ఒళ్లోనే పోయింది.

మట్టి ఆరకముందే పక్కింటి కలుండే నోరు లేచింది. "ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పిల్ల పోయింది, కుక్క పోయింది, ముసలిదానికి తుమ్మైనా రాలేదు. మొగుణ్ణి తింది, కూతుర్ని తింది, ఇప్పుడు దీన్నీ మింగింది!" అవతలి లోయలో కూడా మనుషులు కళ్లు పచ్చబడి చస్తున్నారని మాకింకా తెలియదు. ఆ ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. నేనూ ఆ ఇంట్లో నీళ్లు ముట్టడం మానేశాను.

ఒక సాయంత్రం నా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. "కవిన్యా, నీకూ భయమేనా?"

"పనుందక్కా" అన్నాను. చీ, ఏం మాట అది!

తరువాత క్యాలో అనే ఆరోగ్యశాఖ కుర్ర ఉద్యోగి వచ్చి, పరీక్షకని ఇంటింటా మిగిలిన గింజలు పట్టుకెళ్లాడు. స్యోంబువా ఇంట్లో రెండు మూటల్లోంచీ తీశాడు. పన్నెండు రోజులకు తిరిగొచ్చాడు. కలుండే ముందుండి వాలు మీది జనాన్నంతా ఆ వాకిట్లోకి పోగేసింది.

"ఈ కొత్తమూటలో విషముందవ్వా, బూజు విషం. కడిగినా పోదు, ఉడికించినా పోదు. లివర్ని తినేస్తుంది. పాతది పురుగు పట్టిందే గానీ బాగా ఎండిన గింజ, దాన్లో ఏమీ లేదు. మీ ఇంట్లో కొత్తది ఎవరు తినేవాళ్లు?"

"పిల్ల."

"మీరో?"

"పుచ్చుది."

అతను రాయడం ఆపేశాడు. స్యోంబువా అతని మొహంలోకే చూస్తోంది.

"ఆ పుచ్చుదే దానికీ పెట్టుంటే, బాబూ?"

కుర్రాడు, అబద్ధమాడటం చేతకాలేదు. "బతికేదవ్వా" అన్నాడు.

కలుండే భోరుమని ఆవిడ కాళ్లమీద పడింది. "పాపిష్టి నోరు నాది, తప్పైపోయింది."

"లే. తప్పేముంది? నువ్వన్నదే నిజం, నా చేత్తోనే పెట్టాను. నువ్వన్నట్టు మంత్రమే అయ్యుంటే ఏదో ఒక విరుగుడు దొరికేదే."

కొత్తమూటను క్యాలో పెరట్లో తగలబెట్టించాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేను మాత్రం ఉండిపోయాను. స్యోంబువా పాతమూటలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టింది. టక్కుమంది.

"కొత్తది మెత్తగా నలిగిందని నాకు తెలుసు కదే" అంది.

కొయ్యమన్నది నువ్వే అని మాత్రం అనలేదు. ఇప్పటిదాకా అనలేదు.