పసిపిల్లల గది పైన స్నానాల గది

మట్టం మేస్త్రమ్మ అంటే ఊళ్ళో కట్టుబడి పనివాళ్ళందరికీ తెలుసు. కొత్తగా వేసిన నేల మీద ఒక్కసారి అటూ ఇటూ నడిచి, నీళ్ళు పోస్తే ఎటు పారతాయో రసమట్టం పెట్టకుండానే చెప్పేస్తుంది. చుట్టాలింటికి వెళ్ళినా ఊరుకోదు. కాళ్ళు కడుక్కునే నెపంతో ముందు స్నానాల గదిలో దూరి, గోడకున్న టైల్స్‌ని వేలి కణుపుతో టకటకా తడుతుంది. వెనక సిమెంటు నిండుగా ఉన్నచోట గట్టి చప్పుడు వస్తుంది, ఖాళీ ఉన్నచోట బోలుగా మోగుతుంది. “వదినా, కుళాయి పక్కన రెండు బోలుగా ఉన్నాయి. ఏడాది తిరక్కుండా ఊడతాయి” అని చెప్పాకే వచ్చి కుర్చీలో కూర్చుంటుంది.

“పెళ్ళికి ముందు నన్ను కూడా అలా ఒకసారి తట్టి చూసుకోవాల్సింది” అంటాడు ఆమె భర్త.

“చూశాగా. తల దగ్గర బోలుగానే మోగింది. పోనీలే పాపం అని ఒప్పుకున్నా” అంటుంది ఆమె.

ఆయన పైపుల మేస్త్రి. పాతికేళ్ళుగా ఇద్దరూ ఒకరి వీపు ఒకరికి తగిలేంత ఇరుకు గదుల్లో కలిసి పనిచేస్తున్నారు. గోడల్లో పైపులు, నేలలో నీళ్ళు పోయే గొట్టం ఆయన పని. ఆ తర్వాత నేల వాలు తీయడం, చెమ్మ దిగకుండా పూత వేయడం, టైల్స్ పరచడం ఆమె పని.

ఆమె ఈ పనిలోకి వచ్చింది ఇసుక తట్టలు మోయడానికి. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఒకరోజు కొత్త నేల కడుగుతూ, నీళ్ళు బయటికి పోయే జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు రావడం చూసి, ఆ టైల్స్ వేసిన ముసలి మేస్త్రితో “తాతా, నీ నేల ఎదురు నడుస్తోంది” అనేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నాలిక కరుచుకున్నారు. ముసలాయన మోకాళ్ళ మీద వంగి చెంప నేలకు ఆనించి చూశాడు. లేచి, తన చేతిలోని తాపీ ఆమెకిచ్చాడు. “ఇంతమందిలో నీ కంటికే ఆనింది. రేపట్నుంచి తట్ట మొయ్యకు” అన్నాడు. పెళ్ళయ్యాక, కోడలు తాపీ పట్టడమేమిటని అత్తగారు రెండేళ్ళు మూతి ముడుచుకుంది. తన స్నానాల గది బాగుపడ్డాక మాత్రం వచ్చినవాళ్ళనల్లా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించేది.

ఇన్నేళ్ళలో ఆమె వేసిన నేల ఒక్కటీ కారలేదు. ఆ మాట ఆమె పదిమందిలో గట్టిగానే చెప్పుకునేది. అలాంటి మనిషి తన పనిని తన చేత్తోనే పగలగొట్టుకుంది. అది కాన్పుల ఆసుపత్రిలో జరిగింది.

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో బాలింతల స్నానాల గది ఉంది. సరిగ్గా దాని కింద, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజుపెట్టెల్లో ఉంచే గది. పై నుంచి చెమ్మ దిగి, ఆ గది పైకప్పు ఒక మూల నల్లబడింది. అంతకుముందు బాగుచేయడానికి వచ్చినవాళ్ళు పాత టైల్స్ మీదే కొత్తవి అతికించి పోయారట. అందుకని ఈసారి మట్టం మేస్త్రమ్మను పిలిచారు.

మొదటిరోజే పెద్ద నర్సు ఒక షరతు పెట్టింది. “మిషన్ పెట్టి కొట్టకూడదు. సుత్తి చప్పుడు కూడా వినబడకూడదు. కింద పిల్లలున్నారు.”

“చప్పుడు లేకుండా టైల్స్ పగలగొట్టడం మా మేస్త్రులెవరూ కనిపెట్టలేదు మేడమ్” అన్నాడు పైపుల మేస్త్రి.

“అయితే మీరే కనిపెట్టండి” అని ఆవిడ వెళ్ళిపోయింది.

మేస్త్రమ్మకు చిర్రెత్తుకొచ్చింది. పసిపిల్లలు ఎక్కడైనా నిద్రపోతారు, తన కూతురు సిమెంటు బస్తాల మధ్య నిద్రపోలేదా అనుకుంది. అయినా ఉలి అంచుతో ఒక్కో టైలూ మెల్లగా పెకలిస్తూ, గోనెసంచి మీదికి దించుతూ, ఒక్కరోజు పనిని తొమ్మిది రోజులు చేసింది. అడుగున ఇసుక నల్లగా, ముద్దగా, కంపు కొడుతూ ఉంది. అదంతా ఎత్తిపోసి నేల ఆరబెట్టారు. ఆయన కొత్త గొట్టం బిగించాడు. ఆమె నేలను నాలుగు వైపుల నుంచి జాలీకి వాలు తీసింది, గోడా నేలా కలిసే మూలలు గుండ్రంగా తిప్పింది, ఆ మూలల్లో వలగుడ్డ అద్ది, రబ్బరులా సాగే పూతను నేల మీదా, గోడల మీద తలెత్తు దాకా వేసింది. మొదటిది నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా.

అప్పుడు నీళ్ళ పరీక్ష. గొట్టానికి బిరడా బిగించి, గుమ్మం దగ్గర కట్ట కట్టి, గదిలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు నింపారు. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. పక్కనే ఒక వెడల్పాటి తొట్టెలో నీళ్ళు పోసి, అందులోనూ గీత పెట్టింది. గాలికి ఇగిరే నీళ్ళు రెండింటిలోనూ సమంగా తగ్గాలి. నేలలో ఎక్కువ తగ్గితే ఎక్కడో దిగుతున్నట్టు లెక్క.

మర్నాడు ఉదయం చూస్తే తొట్టెలో గోరు మందం తగ్గింది. నేల మీద రెండు గోళ్ళ మందం.

“బిరడా లూజై ఉంటుంది” అన్నాడు ఆయన. బిరడా మార్చాడు, మళ్ళీ నింపారు. మర్నాడు మళ్ళీ అంతే తేడా.

ఆసుపత్రి ఇంజనీరు కింది గది పైకప్పు చూసి వచ్చి, “పొడిగా ఉందమ్మా, అనుమానం లేదు. టైల్స్ వేసెయ్” అన్నాడు. ఆయన చేతిలోని కాగితం మీద అప్పటికే ‘పూర్తి’ అని రాసి ఉంది. ఆమె తన కళ్ళతో చూస్తే గానీ వేయనంది.

“చెమ్మ మొదట రంగులో కనబడదు మేడమ్. చూడ్డం తెలిసినవాళ్ళకే కనబడుతుంది. ఒక్క నిమిషం చూసి వచ్చేస్తా” అని పెద్ద నర్సును బతిమాలింది.

ఆవిడ ఆమె చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడిగించింది. గోళ్ళ పక్కన బూడిదరంగు గీతలు పోనేలేదు.

“అది మురికి కాదు మేడమ్, పాతికేళ్ళ సిమెంటు.”

పెద్ద నర్సు మొదటిసారి నవ్వి, చేతులకు తొడుగులిచ్చింది. మూతికి గుడ్డ, తలకు టోపీ, మెడ నుంచి మడమల దాకా గౌను. తలుపు తెరుచుకుంది.

లోపల వెచ్చగా ఉంది. దీపాలు మసకగా ఉన్నాయి. మిషన్లు పిట్టల్లా సన్నగా కూస్తున్నాయి. పదకొండు గాజుపెట్టెలు. నల్లబడ్డ మూల కిందినుంచి జరిపిన పెట్టె ఆమెకు అడుగు దూరంలో ఉంది. పైకప్పు చూడటానికి వచ్చిన మనిషి తల దించి ఆ పెట్టెలోకి చూసింది. ఇక తల ఎత్తలేకపోయింది.

లోపల ఒక ఆడపిల్ల. మేస్త్రమ్మ చెయ్యి చాపితే మోచేతి దాకా కూడా రాదేమో. చర్మం ఎంత పలుచనంటే, లోపల నెత్తురు పారే దారులన్నీ కనబడుతున్నాయి. పాదం ఆమె బొటనవేలంత. ఛాతీ లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. పిడికిలి విప్పింది. ఇసుక రేణువులంత గోళ్ళు, ఐదు. అంత చిన్న గోటికీ అంచుంది, వంపుంది, అడుగున గులాబిరంగుంది. సన్నపని అంటే ఏమిటో తనకు తెలుసనుకుంది ఆమె ఇన్నాళ్ళూ. వెంట్రుకవాసి తేడా లేకుండా సందులు కుదిర్చిన చేతులు, ఆ గోళ్ళ ముందు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గౌను వెనక్కి పోయాయి.

“ఏడో నెల రాకముందే వచ్చేసింది. ఎనిమిది వందల ఇరవై గ్రాములు. గుప్పెడమ్మ అని పిలుస్తాం” అంది పెద్ద నర్సు గుసగుసగా.

మేస్త్రమ్మ ఒంటిచేత్తో ఎత్తే గోడ టైలు ఒక్కటే అలాంటి పిల్లలు నలుగురంత బరువు.

ఉన్నట్టుండి పిల్ల ఛాతీ కదలడం ఆగిపోయింది. పక్కనున్న మిషన్ గొంతు మారింది. పెద్ద నర్సు ఏ హడావుడీ లేకుండా పెట్టె పక్కనున్న కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఆ పాదం అడుగున వేలికొసతో తట్టింది. ఒకటి, రెండు, మూడు. ఛాతీ చిన్నగా ఎగిసింది. మళ్ళీ లేస్తోంది, పడుతోంది.

“ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంటారు. ఇంకా నేర్చుకోలేదుగా. తడితే గుర్తొస్తుంది” అంది ఆవిడ.

“ఎన్నిసార్లు?”

“ఇవాళ పొద్దుటినుంచి ఇది ఏడోసారి. మొదటిరోజు పైన మీరు టైలు ఒకటి జారవిడిచారు చూడండి, అప్పుడు నలుగురు ఒకేసారి ఆగారు. నలుగురు నర్సులం తలో పెట్టె దగ్గరికి పరిగెత్తాం.”

మేస్త్రమ్మ ఆవిడ వైపు తిరిగింది. “చెప్పలేదేం మేడమ్?”

“ఆ తర్వాత మీరు మళ్ళీ జారవిడవలేదుగా.”

“మరి... ఈ చెమ్మ?”

“గోడకు బూజు పడితే మీకూ నాకూ తుమ్ములొస్తాయి. వీళ్ళ ప్రాణం మీదికి రావడానికి ఆ గాలే చాలు.”

అప్పుడు పైకప్పు చూసింది. నిచ్చెన వేయించుకుని, తొడుగు వేళ్ళు అంగుళం అంగుళం ఆనించి చూసింది. పొడిగానే ఉంది. ఇంజనీరు అబద్ధం చెప్పలేదు. కానీ పైన గోరు మందం నీళ్ళు ఎటో పోతున్నాయి.

ఆమె రెండో అంతస్తుకు ఎక్కింది. నీళ్ళు తోడించి, నేల ఆరనిచ్చి, జాలీ చుట్టూ పూతను గోటితో గీరింది. గొట్టం మెడ దగ్గర ఒకచోట పూత తేలిగ్గా లేచి వచ్చింది. లోపల నున్నటి ప్లాస్టిక్కు తళతళలాడుతోంది. నున్నటి దాని మీద పూత పట్టదు. ముందు గరుకు కాగితంతో రుద్దాలి.

“ఇది రుద్దలేదా?” అంది.

ఆయన వంగి చూశాడు. “పూతకి ముందు నువ్వు రుద్దుతావనుకున్నా.”

“బిగించేటప్పుడే నువ్వు రుద్దేశావని నేననుకున్నా.”

ఇద్దరూ ఆ గొట్టం దగ్గర గొంతుక్కూర్చుండిపోయారు. పాతికేళ్ళుగా ఎవరో ఒకరు రుద్దుతూనే వచ్చారు. ఎవరి పనో ఎప్పుడూ మాటగా అనుకోలేదు. ఇంకొకచోట అయితే ఆయన ఒక జోకు వేసేవాడే, ఆమె కసురుకునేదే. ఆమె మొహం చూసి ఆయన పనిముట్ల సంచి దగ్గరికి లాక్కున్నాడు.

మళ్ళీ తవ్వాలని ఆమె చెప్పగానే, “ఇంత చిన్న బీటకి మొత్తం ఎందుకమ్మా? మీద కాస్త పూసేయ్” అన్నాడు ఇంజనీరు. “ఇంకో పది రోజులు మూసి ఉంచితే ఊరుకోరు. బాలింతలు వరండా ఆ చివరిదాకా నడుస్తున్నారు.”

“లోపలికి దిగిన నీళ్ళు ఇసుకలో ఉన్నాయి సార్. పైన మూత వేస్తే ఎటు పోతాయి? తప్పు మాది. పగలగొట్టేది మేమే, మళ్ళీ వేసేది మేమే. ఇలాగే ఉంచి టైల్స్ వేయమంటే మాత్రం నా చెయ్యి రాదు.” పదిమందిలో గట్టిగా చెప్పుకున్న మాటను ఆ పదిమందిలోనే తనే కొట్టేసుకుంది. సిగ్గేమీ అనిపించలేదు. అంతకంటే పెద్దదాన్ని చూసి వచ్చింది.

వరండాలో గోడ పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని నడుస్తున్న ఒక బాలింత ఆగి ఇదంతా విన్నది. గుప్పెడమ్మ తల్లి ఆమే.

“ఎన్ని రోజులైనా పట్టనీ అక్కా. నడుస్తాలే” అంది. “నా కూతురు అక్కడ ఊపిరి పీల్చడమే నేర్చుకుంటోంది. నేను నాలుగడుగులు నడవలేనా?”

మేస్త్రమ్మ తలూపి, ఉలి అందుకుంది.

జాలీ చుట్టూ మూరెడు మేర నేల తవ్వి, తడిసిన ఇసుక తీసేశారు. ఎండబెట్టారు. గొట్టం మెడను ఆయన రుద్దాడు. ఆమె వేలితో తడిమి, “ఇంకొంచెం” అని తనూ రుద్దింది. ఆ చేసినంతసేపూ ఆమె మోకాళ్ళ బరువు నేల మీద పడకుండా కూర్చుంది, బక్కెట్టు దించినా పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించింది. మళ్ళీ వలగుడ్డ, మళ్ళీ రెండు పూతలు, మళ్ళీ నీళ్ళు. మూడు రోజులు. మూడోరోజు తొట్టెలోనూ నేల మీదా నీళ్ళు సమంగా తగ్గాయి. కొలిచి, తన కన్ను నమ్మక ఆయన చేత కొలిపించింది, ఆయన కన్ను నమ్మక ఇంజనీరు చేత కొలిపించింది.

టైల్స్ పని ఇంకో వారం. అయ్యాక గది తెరిచారు. ముందుగా ఆ తల్లి స్నానానికి వెళ్ళింది. పైన షవరు విప్పే వేళకి పైకప్పు చూడటానికని పెద్ద నర్సు ఆలుమగలిద్దరినీ కింది గదిలోకి రానిచ్చింది. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి.

పైన నీళ్ళు పడుతున్న సంగతి కింద తెలియనే లేదు. కొత్తగా సున్నం వేసిన మూల తెల్లగా ఉంది. గుప్పెడమ్మ ఇప్పుడు పదకొండు వందల గ్రాములు. “నాలుగు రోజులుగా ఒక్కసారి కూడా తట్టలేదు. తనంతట తనే తీసుకుంటోంది” అంది పెద్ద నర్సు. ఆ పిల్ల కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎటు చూస్తోందో తెలియదు గానీ, ఆ చూపు పడినవైపు పైపుల మేస్త్రి కదలకుండా నిలబడిపోయాడు, కదిలితే ఏమవుతుందోనన్నట్టు.

బయటికొచ్చి గౌన్లు విప్పి, పనిముట్ల సంచులు భుజాన వేసుకుని ఇద్దరూ బస్సు ఆగేచోట నిలబడ్డారు. ఎండ బాగా ఉంది. రోడ్డంతా హారన్లు. తోవ పొడుగునా నవ్వించే మనిషి తన బొటనవేలి గోరు చూసుకుంటూ నిలబడ్డాడు.

“దాని గోళ్ళు చూశావా?” అన్నాడు.

“చూశా.”

వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రెండుసార్లు కేకేసి విజిలూదాడు, బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.