విరవని బిస్కెట్టు

డర్హమ్‌లో లాటిన్ పంతులుగా చేసి రిటైరైన గిల్బర్ట్ ఆర్క్‌రైట్‌కి టీ తాగేటప్పుడు బిస్కెట్టు విరవడం అలవాటు. చాక్‌పీసు పట్టీ పట్టీ వంకరపోయిన వేళ్ళతో విరిచి, ముక్కలు సాసరులో పెట్టి, ఎవరూ అడక్కపోయినా మాటల్ని కూడా అలాగే విరవడం మొదలుపెట్టేవాడు. "టెలివిజన్. ముందు ముక్క గ్రీకు, దూరమని. వెనక ముక్క లాటిన్, చూడటమని. వట్టి అతుకుల బొంత." భార్య విన్నీ విసుక్కునేది. "నీ పోస్ట్‌మార్టం అయిపోతే తింటానయ్యా." మాంసం కొట్టువాణ్ణీ, బస్సు కండక్టరునీ కూడా ఆయన వదిలిపెట్టింది లేదు.

నవంబరులో విన్నీ నడుంనొప్పితో ఆసుపత్రిలో చేరింది. పరీక్షలయ్యాక డాక్టరు మంచం దగ్గర నిలబడి, నేలచూపులు చూస్తూ, "మెటాస్టాసిస్" అని వెళ్ళిపోయాడు. క్యాన్సర్ చోటు మార్చుకుని ఎముకల్లోకి పాకిందని గిల్బర్ట్‌కి ఆ మాట విరవకుండానే తెలిసిపోయింది. నర్సు టీ తెచ్చింది. ఆయన బిస్కెట్టు తీసుకుని అలాగే పట్టుకు కూర్చున్నాడు.

"అంత పొడుగుంది, గ్రీకేనా?" అంది విన్నీ. "ఏంటి దానర్థం?"

"తెలీదు విన్నీ."

ఆమె ఆయన చేతిలోని బిస్కెట్టుకేసి చాలాసేపు చూసింది. తర్వాత కప్పు పక్కన పెట్టి, "నా ఆకుపచ్చ కోటు మీ చెల్లెలికి ఇచ్చెయ్యి. భుజాల దగ్గర కాస్త కుట్టించుకుంటే సరిపోతుంది," అంది.