తిప్పేష్ పక్షాన హనుమక్క

పామిడిలో బస్టాండు దాటి పెన్న వంతెన వైపు పోతుంటే ఎడమ పక్క హనుమక్క సైకిలు షాపు కనపడుతుంది. రేకుల కొట్టం, దాని ముందర రెండు కడప బండలు. ఎనిమిదేండ్ల కింద మొగుడు ఎర్రిస్వామి గుండె ఆగి పోయినప్పుడు, షాపు మూసేసి నైటీలు కుట్టే పనికి పోతుందని అందరూ అనుకున్నారు. దినాలు అయిన మరుసటి పొద్దే ఆమె రేకు తలుపు తీసి, మొగుడు సగం బిగించి వదిలిపెట్టిన చక్రాన్ని ముందరేసుకొని కూర్చునింది. చక్రం బెండు తీయడంలో ఎర్రిస్వామి చేతికంటే ఆమె చెయ్యే మెరుగని తెలిసినవాళ్ళకు ముందునుంచీ తెలుసు. చక్రంలోని స్పోకు పుల్లను వేలితో మీటి, ఆ శబ్దం బట్టి ఏది వదులో ఏది బిగువో చెప్పేస్తుంది.

ఆ కడప బండల మీద ఏడాదంతా ఏవేవో మాటలు నడుస్తాయి. ఫిబ్రవరి వచ్చిందంటే మాత్రం ఒకటే మాట, అయిదు దినాల సైకిలు పందెం. దినానికొక ఊరినుంచి ఇంకో ఊరికి తొక్కాల. అయిదు దినాల గంటలూ నిమిషాలూ కలిపితే ఎవరికి తక్కువ పడితే వాడు గెలిచినట్టు. ఆటో నడిపే యేసన్న, గొర్రెల బేరం చేసే బయ్యన్న, చేతిలో ఫోను పట్టుకొని పందెం చూసే పిల్లకాయలు, అందరూ అక్కడే చేరతారు.

ఆ మాటల్లో హనుమక్క ఎప్పుడూ తిప్పేష్ పక్షం.

తిప్పేష్‌ది వజ్రకరూరు పక్క పల్లె. ఒకప్పుడు పాలక్యాన్లు కట్టుకొని గుంతకల్లుకు తొక్కేవాడు. వాని తొక్కుడు చూసి ఎర్రిస్వామి పాత సామాన్లతో ఒక సైకిలు కట్టి ఇచ్చినాడు. ఆ సైకిలు మీదనే వాడు మొదటిసారి పందెం గెలిచినాడు. ఆ తర్వాత ఇంకా మూడుసార్లు గెలిచినాడు. మంచి సైకిలు వచ్చినా, ప్రతి ఏడూ పందానికి వారం ముందర రెండు చక్రాలూ భుజానికి తగిలించుకొని హనుమక్క దగ్గరికే వచ్చేవాడు. ఎర్రిస్వామి పాడెకు ఒక కొమ్ము పట్టింది వాడే. తోడబుట్టినోళ్ళు లేని హనుమక్కకు, నోరారా అక్కా అని పిలిచేవాడు వాడొక్కడే.

ఇప్పుడు వానికి నలభై మూడేండ్లు. కరెంటాఫీసులో ఇంకా కాంట్రాక్టు లైన్‌మన్‌గానే ఉన్నాడు. రెండేండ్లుగా గెలవలేదు. ఈసారి మొదటి దినమే రెండు నిమిషాలు వెనకపడినాడు. రెండో దినం పందెం పామిడిలోనే ముగిసింది. పదకొండో వాడిగా వచ్చి, షాపు వైపు తల తిప్పకుండా వెళ్ళిపోయినాడు.

ఆ సాయంత్రం బండల మీద పెద్ద వాదమే నడిచింది. మోకాలు అరిగిపోయిందని యేసన్న అన్నాడు. నడుముకు కొవ్వు పట్టిందని బయ్యన్న అన్నాడు. అనంతపురం కాంట్రాక్టరు విజయభాస్కర్ కొడుకు ప్రణీత్ అందరికంటే ముందున్నాడు, ఇరవై రెండేండ్ల కాళ్ళతో పోటీ ఎట్ల అని పిల్లకాయలు ఫోనులో లెక్కలు చూపించినారు. హనుమక్క చేతిలో స్పానరు కింద పెట్టకుండానే ఒక్కొక్కరికి జవాబు చెప్పింది. రెండు దినాలూ ఎదురుగాలి, తెలివిగలవాడు ఇంకొకని వెనక దాక్కొని బలం మిగుల్చుకుంటాడు అనింది. అయిదేండ్ల కింద మూడో దినం దాకా తొమ్మిదో వాడుగా ఉండి, కొండదారిలో అందరినీ దాటేసింది మర్చిపోయినారా అని అడిగింది. నాలుగో దినం పెనుకొండ కాడ కొండ ఎక్కుడు ఉంది, వాని ఆట అక్కడ మొదలైతాది అనింది.

మూడో దినం రాత్రి తిప్పేష్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. అలిసిపోయి పడుకొనుంటాడులే అనుకొని, వానికి ఇయ్యాలని బెల్లమేసి చెనక్కాయ ఉంటలు చేసి డబ్బాలో పెట్టుకునింది.

నాలుగో దినం తెల్లారి ఆమె షాపు తీయలేదు. నేనూ వస్తానక్కా అని యేసన్న ఆటో పక్కన పెట్టినాడు. ఇద్దరూ రెండు బస్సులు మారి పెనుకొండ చేరి, కొండదారిలో మూడో మలుపు కాడ నిలబడినారు. ఎండ నెత్తిన కొడుతోంది. ఎక్కుడు బాగా నిట్టనిలువుగా ఉండేది అక్కడే.

ముందర ప్రణీత్ వచ్చినాడు, నోరు బార్లా తెరిచి, సైకిలును అటూ ఇటూ ఊపుతూ. వాని వెనక ఇద్దరు. తర్వాత దారి చాలాసేపు ఖాళీగా ఉండింది. ఇంకో నలుగురు పోయినాక తిప్పేష్ కనపడినాడు. పాపం, పెద్దాయన పనైపోయింది అని ఎవరో అన్నారు.

హనుమక్క ఒక అడుగు ముందుకేసి చూసింది. ఇరవై ఏండ్లుగా వాడు ఎక్కుడులో తొక్కేది చూస్తాంది. నిజంగా బలం పెట్టినప్పుడు వాని నోరు ఎడమ పక్కకు వంకర పోతుంది, భుజాలు లేస్తాయి, వీపు మీద చొక్కా తడిసి అతుక్కుంటుంది. ఇప్పుడు నోరు మూసి ఉంది. ముక్కుతోనే ఊపిరి తీస్తున్నాడు. భుజాలు కదలడం లేదు. చొక్కా పొడిగా ఉంది. వెనకనుంచి ఇంకొకడు వస్తుంటే తల తిప్పి చూసి, వాడు దాటిపోయేదాకా కాలు నెమ్మది చేసినాడు.

అప్పుడు వాని చూపు హనుమక్క మీద పడింది. చూసినాడు. చూసి, నోరు తెరిచినాడు. అలిసిపోయినోని మాదిరి భుజాలు ఊపుతూ ఆమె ముందరనుంచే పోయినాడు.

పక్కన యేసన్న, బాగా కష్టపడతాండాడు కదక్కా అన్నాడు జాలిగా.

ఆ దినం పందెం ముగిసేది సోమందేపల్లెలో. పందెగాళ్ళకు ఒక కల్యాణ మండపంలో బస ఇచ్చినారు. యేసన్నను హోటల్లో తినమని చెప్పి, హనుమక్క ఒక్కతే లోపలికి పోయింది. తిప్పేష్ వెనక కొళాయి కాడ కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి లేవబోయినాడు.

"వయసైపోయిందక్కా. కాళ్ళు రావడం ల్యా," అన్నాడు.

"నన్ను చూసినంక నోరు తెరిస్తివి. అంతకుముందు యాడుండె ఆ ఆయాసం?"

తిప్పేష్ కొళాయి కట్టేసినాడు. కాసేపు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కాలునే మళ్ళా తుడిచినాడు. అప్పుడు నిదానంగా చెప్పినాడు. విజయభాస్కర్ సారు అనంతపురంలో సైకిలు అకాడమీ పెడుతున్నాడు. కొడుకు పేరు మీద అది నడవాలంటే ఈసారి పందెం ప్రణీతే గెలవాల. తిప్పేష్ అడ్డం పడకుండా ఉంటే ఉగాది నుంచి కోచ్ ఉద్యోగం వానిదే. ఇన్నేండ్లు వచ్చినా స్తంభాలెక్కుతూనే ఉన్నా, ఇంకెన్నేండ్లు ఎక్కేదక్కా అన్నాడు.

అంతవరకూ హనుమక్కకు అర్థమైంది. ఈ మాట పది దినాల ముందర షాపుకొచ్చి చెప్పింటే, తిట్టేది. తిట్టి, ఒక పూట మాట్లాడకుండా ఉండి, ఆ తర్వాత పోనీలే అనుకునేది. మనిషి బతకాల కదా.

"మరి నాకెందుకు చెప్పల్యా?" అని అడిగింది.

వాడు తల ఎత్తలేదు. "నీకు చెప్పింటే నువ్వు బండల కాడ అట్ల వాదించింటావా అక్కా? నువ్వంత నమ్మకంగా మాట్లాడతాంటే ఎవరికీ అనుమానం రాల్యా. హనుమక్కకు తెలీకుండా తిప్పేష్ ఏమీ చేయడని పామిడంతా అనుకుంటాది. సారు కూడా అదే అన్నాడు, ఆయమ్మకు మాత్రం చెప్పొద్దని."

హనుమక్కకు తిట్టే మాటలు చాలా వచ్చినాయి గాని ఏదీ సరిపోయేట్టు అనిపించలేదు. రెండో దినం సాయంత్రం చేతిలో స్పానరుతో తాను మాట్లాడిన ఒక్కొక్క మాటా గుర్తుకొచ్చింది. ఎదురుగాలి, దాక్కోవడం, కొండదారి. ఆ మాటలన్నీ వీనికి పనికొస్తాయని వీడు ముందే లెక్క వేసుకున్నాడు. సైకిలును నడిపినట్టు, వానికి కావాల్సిన పక్కకు ఆమెను నడిపినాడు. చేతిలో డబ్బా ఉన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చి, దాన్ని సంచిలో అడుగుకు తోసి బయటికి వచ్చేసింది. అక్కా అని వెనకనుంచి ఒకసారి పిలిచినాడు. రెండోసారి పిలవలేదు.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కినారు. అనంతపురం దాటినాక యేసన్న, ఏమన్నాడక్కా అన్నాడు.

చెప్పెయ్యొచ్చు. చెబితే రేపటికి పామిడిలో, ఎల్లుండికి జిల్లాలో తిప్పేష్ పేరు బురదలో పడుతుంది. వాని మీద జాలితో కాదు ఆమె ఆగింది. చెబితే, ఇన్నేండ్లు వాని కోసం గొంతు చించుకున్న తన మాట కూడా నవ్వులపాలు అవుతుంది.

"నువ్వు చెప్పిందే నిజమప్పా," అనింది. "వయసైపోయింది, మోకాలు అరిగింది."

యేసన్నతో వాదంలో ఆమె ఓడిపోయింది అదే మొదటిసారి. వాడు సంతోషపడతాడని అనుకునింది. వాడు కిటికీలోనుంచి బయటికి చూస్తూ, నాలుగుసార్లు గెలిచినోడు కదక్కా, అది ఎవరూ తీసెయ్యలేరు అన్నాడు. వాని మాటలో జాలి ఉండింది. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకునింది. డబ్బా తీసి వాని చేతిలో పెట్టి, తిను అనింది.

మరుసటి దినం ప్రణీత్ గెలిచినాడు. తిప్పేష్ ఆరోవాడు. పేపర్లో వాని ఫొటో కూడా వేసి, కొత్త తరానికి దారి ఇచ్చిన పెద్దమనిషి అని రాసినారు. బయ్యన్న దాన్ని చదివి వినిపిస్తుంటే హనుమక్క ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడినుంచి వస్తుందో చూస్తూ ఉండిపోయింది. బండల మీద కొన్ని దినాలు జనం ఆమెను మాటల్లోకి లాగాలని చూసినారు. ఆమె ఊఁ కొట్టి వదిలేసింది.

ఉగాది అయినాక ఒక పొద్దున తిప్పేష్ వచ్చినాడు. కొత్త చొక్కా, జేబు మీద అకాడమీ గుర్తు. భుజానికి రెండు చక్రాలు. ఎప్పటిమాదిరే లోపలికొచ్చి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. పుల్లలు వదులైనాయక్కా అన్నాడు.

హనుమక్క చక్రాలు తీసుకునింది. స్టాండుకు ఎక్కించి తిప్పింది. పుల్ల పుల్లా మీటి, వదులైనవి బిగించి, బిగుసుకున్నవి వదులు చేసింది. తొందరపడలేదు, ఏ పనీ తగ్గించలేదు. గంట తర్వాత చక్రం ఒక వెంట్రుకవాసి కూడా వంకర లేకుండా తిరిగింది. దాన్ని దించి, గుడ్డతో తుడిచి వాని ముందర పెట్టింది.

"అయిపోయిందండీ. తీసకపోండి," అనింది.

తిప్పేష్ ఆమె ముఖంలోకి చూసినాడు. ఏమప్పా తిప్పేషా అని గాని, ఏరా అని గాని తప్ప ఆ కొట్టంలో వానికి ఇంకో పిలుపు లేదు. అక్కా అని ఏదో మొదలుపెట్టినాడు.

"ఆడ వేరే వాళ్ళు కాచుకోనుండారు. కొంచెం జరగండి," అనింది హనుమక్క, బయట పంచరు సైకిలుతో నిలబడిన మనిషి వైపు చెయ్యి చాపుతూ.

వాడు లేచి చక్రాలు భుజానికెత్తుకున్నాడు. కొట్టం గడప కాడ ఒక నిమిషం నిలబడి, వంతెన వైపు నడిచినాడు. హనుమక్క పంచరు టైరును రిమ్ము నుంచి ఊడదీయడానికి కూర్చునింది. ఆ దినం ఆమె చెయ్యి రెండుసార్లు జారి గోరు చీలింది.