మొదటి వరసలో పెట్టిన టిక్కు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క నా చేత గంజి తాగించి లెక్కలు నేర్పింది. ఈ మాట చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. బరంపురంలో ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. నా దగ్గర చదివిన పిల్లలందరికీ ఆ గంజి సంగతి చెప్పాను. ఆ తరవాత జరిగింది మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అందులో నా ముఖం అంత చక్కగా కనబడదు.

మా ఊరు బరంపురానికి పన్నెండు కిలోమీటర్లు, సోనేపూర్ వెళ్ళే దారిలో ఉంటుంది. వీధి వీధంతా తెలుగువాళ్ళమే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తగువు పడడానికి రెండూ. అక్క వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అక్కకి ఇంటర్ పరీక్షలో లెక్కల పేపరు రెండోసారి పోయింది. మిగతావన్నీ పాసే. ఆ ఒక్కటీ గట్టెక్కితే టీచరు ట్రైనింగుకి వెళ్ళాలని ఆమె ఆశ. రెండుసార్లు రాయనిచ్చాను, ఇక చాలని వాళ్ళ నాన్న సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు.

అక్కని రెండుసార్లూ ముంచిన పాఠం ఒకటుంది. పుస్తకంలో దాని పేరు రేషనల్ ఫంక్షన్. అక్క మాత్రం ‘కింద ఎక్స్ ఉన్న లెక్కలు’ అనేది. బట్టీ పట్టి రెండుసార్లు పోయాక ఆమెకి ఒక ఉపాయం తోచింది. తనకి రాని పాఠం నాకు చెప్పడం. “నీ బుర్రకి ఎక్కిందంటే నాకు ఒచ్చేసినట్టేనే,” అనేది. సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకునేది.

ఒకరోజు చెంబుడు గంజిలో గుప్పెడు ఉప్పు వేసి తాగమంది. తాగలేక ఉమ్మేశాను. ఒక గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ తాగమంది. ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు. చెంబు చాలక బిందె తెచ్చింది. “ఉప్పు ఎప్పుడు పోద్ది, సెప్పు,” అంది. పోదు అక్కా, పలచబడుతుందంతే అన్నాను. అదే లెక్క అని పలక మీద గీత గీసి చూపించింది. గీత పైన ఉప్పు, అది మారదు. గీత కింద నీళ్ళు, అవి పెరుగుతూ పోతాయి. ఎంత పెరిగినా రుచి సున్నాకి దగ్గరవుతుందే గాని సున్నా కాదు. ఆ రాత్రి నేను దాహంతో ఎన్నిసార్లు లేచానో మా అమ్మకి తెలుసు.

ఇంకోరోజు ఇరవై నాలుగు పనసతొనలు ముందు పెట్టింది. ఆరుగురైతే తలా నాలుగు, ముగ్గురైతే ఎనిమిది, ఒక్కరైతే ఇరవై నాలుగు. ఎవరూ లేకపోతే ఎన్ని అని అడిగింది. నేను తడుముకోకుండా అన్నీ అన్నాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “అన్నీ ఎవురికే?” అంది. గీత కింద సున్నా వస్తే లెక్కే లేదని ఆ నవ్వుతోనే నాకు తెలిసింది. నెల తిరిగేసరికి ఆ పాఠం నాకు వచ్చింది, అక్కకీ వచ్చింది. అక్క ముఖంలో అంత ధైర్యం అంతకు ముందు నేను చూడలేదు.

సప్లిమెంటరీ పరీక్షకి ఫారం ఇవ్వడానికి ఆఖరి రోజు శనివారం పడింది. శనివారం కాబట్టి బరంపురం పరీక్షల ఆఫీసులో పన్నెండు గంటలకే కిటికీ మూసేస్తారు. అక్క వాళ్ళ నాన్నకి తెలియకుండా ఇవ్వాలి. ఫారం పడిపోతే ఆయన్ని ఎలాగోలా ఒప్పిస్తానని వాళ్ళ అమ్మ మాటిచ్చింది. ఆ ఉదయం మా బడి హెడ్మాస్టరు గారి సంతకం నేను పెట్టించుకొచ్చేసరికే పదిన్నర బస్సు వెళ్ళిపోయింది, తరవాతి బస్సు రెండింటికి. అక్క గడప దాటితే వీధంతా ఎక్కడికని అడుగుతారు. నేను మా నాన్న సైకిలు మీద బరంపురం వెళ్ళి రావడం మాత్రం ఎవరికీ వింత కాదు. సరిగ్గా పదకొండింటికి అక్క ఫారాన్ని కాగితంలో చుట్టి నా సంచీలో పెట్టింది. “గంటలో ఎల్లిపోగలవా?” అంది. గంటలో వెళ్ళడం నాకు అలవాటే. కళ్ళు మూసుకుని వెళ్తానన్నాను.

దారికి సరిగ్గా సగంలో ఒక చిన్న వంతెన. దాని కిందుగా గట్టు పొడుగునా మొగలి పొదలు. వానాకాలం కదా, పూలు విచ్చుకున్నాయి. మా ప్రాంతంలో మొగలి పూలు అత్తరు బట్టీలకి లెక్కపెట్టి అమ్ముతారు, ఎవరి పొద వాళ్ళదే. దొంగతనంగా కోసుకుంటే ఆ సుఖం వేరు. ఆ వాసన నాకు వంతెన రాకముందే తగిలింది. జడలో మొగలి రేకులు పెట్టుకుని సోమవారం బడికి వెళ్తే ఎలా ఉంటుందో అని ఊహించుకుంటూనే సైకిలు దిగాను. పొడుగ్గా ఉన్న కొమ్మ వెతికాను, పువ్వు వంచాను, అది జారింది, మళ్ళీ వంచాను. ఆకుల అంచులు రంపంలా చేతులు గీరేశాయి. మొత్తానికి ఒక పువ్వు తెగింది. నాలుగు రేకులు జడలో దోపుకుని, మిగతా పువ్వుని సంచీలో ఫారం పక్కనే పెట్టాను.

అప్పుడు భయం వేసింది. చేతికి గడియారం లేదు. నీడ చూస్తే చాలాసేపు అయినట్టే ఉంది. కానీ నేను లెక్కల పిల్లని కదా, నా దగ్గర ఉపాయం ఉంది. ఇప్పటిదాకా గంటకి ఆరు కిలోమీటర్ల చొప్పున వచ్చాననుకుందాం. మిగతా సగం పద్దెనిమిది చొప్పున తొక్కితే, ఆరూ పద్దెనిమిదీ ఇరవై నాలుగు, అందులో సగం పన్నెండు, గంటకి కావలసిందీ అంతే. సరిపోయింది! ఆ ఆనందంలో నేను తొక్కిన తొక్కుడికి సైకిలు విరగకపోవడం మా నాన్న అదృష్టం. నిజంగానే పద్దెనిమిది చొప్పున తొక్కి ఉంటాను.

ఆఫీసు గోడ మీద గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. కిటికీ మూసి ఉంది. లోపల గుమాస్తా తలెత్తి, “బంద్ హెయిగలా, మా. ఆజి శేష దిన థిలా,” అన్నాడు. మూసేశాం తల్లీ, ఇవాళే ఆఖరి రోజు అని. మంచిగానే అన్నాడు. నేను బతిమాలాను, ఏడ్చాను. ఫారాలన్నీ కట్టగట్టి పంపేశారట, ఆయన చేతిలో ఏమీ లేదు.

తిరిగి వచ్చే దారిలో, ఆ వంతెన మీదే, ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. పువ్వుని కాలవలో పారేశాను. జడలో రేకులు తీసేశాను. ఇంటికి వచ్చి, నేను టైముకే వెళ్ళాను అక్కా, వాళ్ళే ముందుగా మూసేశారు అని చెప్పాను. అక్క ఫారం తీసి మడత విప్పింది. ఒక్క క్షణం ముఖం దగ్గరకి తెచ్చుకుంది. కాగితం నిండా మొగలి వాసన. ఆ తరవాత నా చేతుల మీది గీరల వైపు చూసింది. వాళ్ళ అమ్మ లోపల్నించి ఏమైందని అడిగితే, “నానే ఆలీసంగా ఇచ్చినానమ్మా, పిల్ల తప్పేటీ లేదు,” అంది.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే అరుగు మీదకి పిలిచింది. వెళ్ళక తప్పలేదు. నోటుబుక్కు తెరిచి లెక్క చెప్పింది. దారి పన్నెండు కిలోమీటర్లు, గంటలో చేరాలి, సగంలో వంతెన. వంతెన దాకా గంటకి ఎక్స్ చొప్పున పోతే, వంతెన దాటాక ఎంత జోరుగా పోవాలి? ఇద్దరం కలిసి చేశాం. గీత పైన ఆరు ఎక్సులు వచ్చాయి. గీత కింద, ఎక్స్‌లోంచి ఆరు తీసేయగా మిగిలింది. అక్క పట్టిక గీసి వరసగా నింపించింది. మొదట పన్నెండైతే తరవాత పన్నెండు. తొమ్మిదైతే పద్దెనిమిది. ఎనిమిదైతే ఇరవై నాలుగు. ఏడైతే నలభై రెండు, ఆ రోడ్డు మీద బస్సు కూడా అంత జోరుగా పోదు. నేను దారిలో వేసుకున్న పద్దెనిమిది రెండో వరసలో కనబడింది. కానీ దాని పక్కన ఉన్నది తొమ్మిది, ఆరు కాదు.

చివరి వరసలో అక్క ఆరు వేసి పెన్సిలు నా చేతికిచ్చింది. నేను రాయలేదు. కింద సున్నా వచ్చిందక్కా అన్నాను.

“సున్నా ఒస్తే ఏటన్నమాట?”

“వంతెన కాడే గంట అయిపోయినట్టు.”

“మరింక ఎంత తొక్కితే అందుతాది?”

ఎంత తొక్కినా అందదు అన్నాను. అక్క తల ఊపింది. నోటుబుక్కు నా వైపు తిప్పి పెట్టింది.

“ఇందులో నీ వరస ఏదో నువ్వే టిక్కు పెట్టీయే. ఏ వరసైనా నానేటీ అన్ను.”

ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ మాట ఆమె ఎలా అందో నాకు గుర్తుంది. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజం చెప్పడానికి నాకొక దారి తెరిచింది, నోరు కూడా విప్పక్కర్లేని దారి. ఆరు దగ్గర ఒక చిన్న గీత గీస్తే చాలు. నేను పన్నెండు ఉన్న మొదటి వరస పక్కన టిక్కు పెట్టాను. అక్క దాన్ని కాసేపు చూసి, సరే అని పుస్తకం మూసింది. అంత సిగ్గుమాలిన పని నేను జీవితంలో మళ్ళీ చేయలేదు.

దసరా వెళ్ళగానే ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే ఆయనతో అక్క పెళ్ళి అయిపోయింది. వెళ్ళేముందు ఆ నోటుబుక్కు నాకిచ్చింది, నీకే పనికొస్తాదని. పనికొచ్చింది. ఆమె నేర్పిన లెక్కలతోనే నేను పరీక్షలు పాసయ్యాను, ఆమె కోరుకున్న ఉద్యోగం నేను చేశాను.

చాలా ఏళ్ళ తరవాత ఎవరిదో పెళ్ళికని అక్క బరంపురం వచ్చి, అడ్రసు కనుక్కుని మా బడికి వచ్చింది. జుట్టు నెరిసింది గాని నవ్వు అదే. “ఏటే మేస్టారమ్మా, నువ్వు సెప్తుంటే ఓపాలి ఇనాలని ఒచ్చినాను,” అంది. వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. ఆ రోజు నేను చెప్పవలసిన పాఠం సరిగ్గా కింద ఎక్స్ ఉన్న లెక్కలే. నేను దాన్ని దాటేసి త్రిభుజాలు చెప్పాను. అక్క శ్రద్ధగా విన్నది. బడి వదిలాక బస్సు దాకా నడిచాం. చెప్పేద్దాం అనుకున్నాను. జనంలో ఎందుకు, ఇంటికెళ్ళి వివరంగా ఉత్తరం రాద్దాం, అదే బాగుంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆలస్యమైనా అంతా ఒక్కసారే చెప్పేస్తే సరిపోతుందని. అదే పాత లెక్క, మళ్ళీ అదే తప్పు.

ఆ ఉత్తరం మొదలుపెట్టి చింపేయడంలో రెండేళ్ళు గడిచాయి. పూర్తి చేసి పోస్టు చేసిన ఉత్తరానికి వాళ్ళ అమ్మాయి జవాబు రాసింది. అమ్మ పోయి మూడు నెలలైందని, నా పేరు అమ్మ నోట తరచు వినేదాన్నని, నేను లెక్కల టీచరునయ్యానని అమ్మ అందరికీ గొప్పగా చెప్పుకునేదని.

ఆ వంతెన లెక్క ఏటా పిల్లలకి చెప్పాను. చివరి వరస ఖాళీగా వదిలి, ఎవరి జవాబు వాళ్ళనే రాయమనేదాన్ని. తప్పు రాసిన పిల్లని ఏనాడూ కోప్పడలేదు, ఆ అర్హత నాకు లేదు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మొదటి వరస పక్కన నా చిన్ననాటి టిక్కు అలాగే ఉంది. ఉత్తరం వచ్చిన రోజు పెన్సిలు తీసుకుని ఆరు ఉన్న వరస పక్కన ఇంకొకటి పెట్టాను. తరవాత పుస్తకాన్ని, అరుగు మీద అక్క నా వైపు తిప్పినట్టే, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిప్పి పెట్టాను.